జాతి యను మాట

1949 డిసెంబరులో యునెస్కో పిలుపుపై ఎనమండుగురు పండితులు పారిస్ నగరమున సమావేశమైరి. "జాతి" యను మాటకు శాస్త్రము చెప్పగల అర్థమేమి? ఇదియే వారికి ప్రశ్న. నాజీల మారణకాండ జరిగి నాలుగేండ్లే అయినది. (మన తెలుగులో ఈ ఒక్క మాట కులమునకును, దేశప్రజకును, పశుపక్ష్యాదులకును చెల్లుచున్నది; చిక్కు మనకు క్రొత్తది కాదు.)

అమెరికా నల్లవారిలో ప్రసిద్ధుడైన ఫ్రేజియరు, ఫ్రాన్సునుండి లెవీస్ట్రాస్, మన దేశమునుండి హుమాయూన్ కబీరు అందుండిరి. మానవులందరును ఒకే జీవకోటివారనియు, జాతినిబట్టి బుద్ధి హెచ్చుతగ్గులకు నిరూపణ లేదనియు 1950 జూలైలో వారి ప్రకటన వెలువడెను.

జీవశాస్త్రజ్ఞులు పలువురు ఆక్షేపించిరి. తమవారు సభలో చాలినంతమంది లేరనిరి. సహకారబుద్ధి మానవునకు పుట్టుకతోనే కలదను వాక్యమునకు ఆధారమేదనిరి. 1951లో వారు కూడి మరియొక ప్రకటన వ్రాసిరి. ఆ వాక్యము పోయినది. ఒక జాతి అధికము, ఒకటి అల్పము అనుటకు శాస్త్రాధారము లేదను మాట మాత్రము నిలిచినది. మొదటి ప్రకటనకంటె ఈ దిద్దుబాటునే నేను మిన్నగా నెంచుదును. మంచిమాటయైనను పరీక్షకు నిలువవలసినదే గదా!

దక్షిణాఫ్రికా ప్రభుత్వమునకు ఈ పుస్తకములు రుచింపలేదు. తమ జాతిసమస్యలలో జోక్యమని చెప్పి 1956 చివర యునెస్కోను వీడెను. ఆ దేశము తిరిగి చేరినది 1994లో, నల్లవారికి ఓటు వచ్చిన యేట.