తెరమీది పద్దు, ఊరిలోని పని

(ఆర్మూరు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నిజామాబాదు మార్కెట్టు యార్డులో పసుపు అమ్ముకొని వచ్చు రైతు చేతిలో తక్‌పట్టీ ఉండును. తూకమెంత, ధర యెంత, హమాలీ యెంత, చేతికి మిగిలినదెంత అని ఆయన దారి పొడవునను దానిని చూచుకొనుచునే వచ్చును. 2016 ఏప్రిల్‌లో ఆ యార్డు ‘ఈ-నామ్’లో చేరి, ధరలు కంప్యూటరులో వేయుట మొదలైనది. అయినను తక్‌పట్టీ చూచుకొనుట ఏ రైతును మానలేదు. పంచాయతీ పద్దుల విషయమున మాత్రము మనము ఆ అలవాటును ఇంటివద్దనే విడిచి వచ్చుచున్నాము.

2020 ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీరాజ్ దినమున, కేంద్ర ప్రభుత్వము ‘ఈ-గ్రామ్ స్వరాజ్’ను ప్రారంభించినది. అంతకు పూర్వము ‘ప్రియా సాఫ్ట్’ అను లెక్కల పద్ధతి ఉండెడిది. ప్రణాళిక, పనుల ప్రగతి, జమాఖర్చు ఇప్పుడు ఒకేచోట చేరినవి. లెక్కలు కార్యాలయపు బీరువాలో గాక దూరముననున్న పెద్ద కంప్యూటర్లలో భద్రమగును. దీనినే క్లౌడ్ అనుచున్నారు. పేరు మేఘమైనను వానతో దానికి పనిలేదు!

ఇందలి మేలు చిన్నది కాదు. కార్యదర్శి బదిలీయైనచో నగదు పుస్తకము ఎక్కడున్నదో తెలియని రోజులను పెద్దలు ఎరుగుదురు. చెదలు తిన్న ఓచర్ల కట్టలనుగూడ ఎరుగుదురు. నేడు పని వెదకుకొనుచు జిల్లా దాటి పోయినవాడును తన ఊరి ఖర్చును సెల్‌ఫోనులో చూడగలడు. ఒకరు తయారుచేసిన చెల్లింపును మరొకరు ఆమోదించిననే గాని సొమ్ము కదలదు. ఆడిటరు ప్రశ్నయు, పంచాయతీ సమాధానమును ‘ఆడిట్ ఆన్‌లైన్’లో నిలిచియుండును.

చిక్కులును కలవు, వాటిని దాచుట ప్రచారశాఖవారికి తగదు. మార్చి నెలాఖరున అందరును ఒక్కసారిగా కూర్చొందురు గనుక తెర కదలదు. బ్యాంకు ఖాతాలో ఒక్క అంకె తప్పినను చెల్లింపు తిరిగివచ్చును. మోటారు బాగుచేసినవాడు తన కూలికై పలుమార్లు తిరుగవలసివచ్చును. ఆతనికి సర్వరు మొరాయించినదని చెప్పిన ఏమి అర్థమగును? పాలకవర్గము మారినపుడు డిజిటల్ సంతకపు తాళములు కొత్తవారి పేర నమోదగువరకు ఖాతాలో సొమ్ముండియు చెల్లింపు జరుగదు. 2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచిన సర్పంచులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మరియొక చిక్కు పద్దుల విభజనది. పదిహేనవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకిచ్చిన గ్రాంటులలో 60 శాతము త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినది. వీధిదీపముల ఖర్చును పొరపాటున ఆ పద్దులో వ్రాసినచో ఆడిటులో ఆక్షేపణ తప్పదు. నెల లెక్క మూసిన పిదప తోచినట్లు దిద్దుటకు వీలుండదు. ఇది విసుగు కలిగించునదే. కాని పాత పుస్తకములో రాత్రికి రాత్రి అంకెలు మారకుండ కాపాడునదియు ఈ కట్టుబాటే.

అన్నిటికంటె ఆందోళనకరమైనది వేరొకటి. పని తెలియదను బెరుకుతో కొందరు తమ డిజిటల్ తాళమును, దాని రహస్య సంఖ్యను ఆపరేటరు చేతికిచ్చి ఊరకుందురు. అది సంతకము చేసిన ఖాళీ చెక్కుల పుస్తకమును ఇచ్చుటయే. సొమ్ము పోయిన పిదప తాను చూడలేదని చెప్పినను సంతకము తనదే కదా! చదువు రానివారు చదివించుకొనవచ్చును, తాళము మాత్రము వదలరాదు.

తెర చూపునది ఎక్కించిన అంకెను మాత్రమే. మురుగుకాలువకు వ్రాసిన ఖర్చు కానవచ్చును గాని, ఆ కాలువలో నీరు పారుచున్నదో లేదో కానరాదు. అది వార్డు సభ్యుని కంటికే తెలియును. కావున వచ్చు సమావేశమున గడచిన నెల పద్దును తెరమీద తెరువుమని కార్యదర్శి నడుగుడు. ప్రక్కన బ్యాంకు పట్టీని, ఓచర్లను, కొలతల పుస్తకమును ఉంచుకొనుడు. ఒక్కొక్క సభ్యుడు తన వార్డు పనిని ఒకదానిని ఎత్తుకొని పోల్చిచూచిన గంటకంటె ఎక్కువ పట్టదు. తేడా వచ్చినచో తీర్మాన పుస్తకములో వ్రాయించి, గ్రామసభలో చదివి వినిపింపుడు.