సాక్ష్యానికి పక్షం ఉండదు

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు ఒక చరిత్రకారిణి గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆమె పేరు అలిసన్ డే ఫోర్జ్. 1942లో అమెరికాలో పుట్టారు. ఆఫ్రికాలోని రువాండా రాజాస్థాన చరిత్రపై పరిశోధించి, 1972లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. పాండిత్యం అక్కడితో సరిపోతుందని ఆమె అనుకోలేదు. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ తరఫున ఆ దేశ ప్రజల హక్కుల కోసం పనిచేశారు. అక్కడ అల్పసంఖ్యాక తెగైన టుట్సీల హత్యల గురించి 1993లోనే ఒక అంతర్జాతీయ బృందంతో కలిసి విచారించి, నివేదిక ఇచ్చారు. ప్రపంచం పట్టించుకోలేదు.

1994 ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుడి విమానాన్ని కూల్చేశారు. ఆ తర్వాతి సుమారు వంద రోజుల్లో ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం 8 లక్షల మంది హతమయ్యారు. అలిసన్ అమెరికా నుంచే రువాండా రాజధాని కిగాలీలోని మిత్రులతో ఫోన్లో మాట్లాడుతూ, విన్నది అధికారుల ముందు పెట్టారు. ఇది జాతి హననమని మొదట్లోనే చెప్పిన కొద్దిమందిలో ఆమె ఒకరు. అయినా ఏప్రిల్ 21న భద్రతా మండలి అక్కడి శాంతి సేనను 270 మందికి కుదించాలని తీర్మానించింది.

హత్యలను ఆపలేకపోయినా ఆమె పని ఆపలేదు. సహచరులతో కలిసి ఊళ్లు తిరిగారు. బతికి బయటపడ్డవారి మాటలు విన్నారు, చంపినవారి మాటలూ విన్నారు. స్థానిక కార్యాలయాల్లో మిగిలిన ఉత్తరాలు, సమావేశాల రికార్డులు వెతికారు. ఎవరు ఆదేశించారు, ఏ తేదీన, ఎవరి సంతకంతో? అప్పటిదాకా చాలామంది దీన్ని తెగల మధ్య పాత పగ అని సరిపెట్టుకున్నారు. ప్రభుత్వ యంత్రాంగమే పథకం ప్రకారం చేయించిందని ఆ కాగితాలు చెప్పాయి. ఈ పరిశోధనతో ఆమె రాసిన పుస్తకం 1999లో వెలువడింది, సుమారు 800 పుటలు. రువాండా నేరాలపై టాంజానియాలోని అరుషాలో ఏర్పాటైన అంతర్జాతీయ ట్రైబ్యునల్‌లో 11 విచారణల్లో ఆమె నిపుణురాలిగా సాక్ష్యమిచ్చారు. 1998లో అదే ట్రైబ్యునల్ జాన్ పాల్ అకయేసు అనే మేయర్‌ను జాతి హనన నేరానికి దోషిగా తేల్చింది. అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అలాంటి తొలి తీర్పు అది.

ఆమె మీద నా గౌరవం రెట్టింపైంది మాత్రం మరో విషయంలో. ఆ మారణకాండను అడ్డుకొని అధికారంలోకి వచ్చిన సైన్యం కూడా సామాన్యులను చంపింది. రెండూ సమానమని ఆమె అనలేదు. కానీ ఆ మృతులకూ న్యాయం కావాలన్నారు, అదే పుస్తకంలో ఆ హత్యలనూ రాశారు. 2008లో రువాండా ప్రభుత్వం ఆమెను దేశంలోకి రానివ్వలేదు. 2009 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో ఆమె కన్నుమూశారు.

అదే ఏడాది అక్టోబరులో మనం మానవ హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ గారిని పోగొట్టుకున్నాం. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన ఆయన నిజనిర్ధారణ కోసం పల్లె పల్లె తిరిగారు. పోలీసుల ఎన్‌కౌంటర్లను నిలదీశారు, నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించారు. ఈ ఇద్దరి దేశాలు వేరు, నడిచిన బాట ఒక్కటే.

మిత్రులారా, మీలో న్యాయవాదులు, విలేకరులు, అధికారులు, అధ్యాపకులు ఉంటారు. అన్యాయం మీ కంటపడితే తేదీ, చోటు, పేరు రాసిపెట్టండి. ఒకరు చెప్పింది మరొకరిని అడిగి సరిచూసుకోండి. ఫోన్లోకి వచ్చిన వీడియో చూసి ఒక కులాన్నో మతాన్నో నిందించకండి. బాధితులు మీవాళ్లయినప్పుడు గొంతెత్తడం సులువు. నేరం చేసింది మీవాళ్లయినప్పుడు కూడా అంతే నిజాయితీగా రాయండి. ఈ పట్టా మీ మీద పెట్టిన బాధ్యత అదే. దాన్ని నెరవేరుస్తారని నమ్ముతున్నాను.