పక్కపట్టె: ఒక మాట, పలు రంగములు

జనగామ జిల్లాలో తరిగొప్పుల అను ఊరు కలదు. 2016 అక్టోబరులో ఆ జిల్లా ఏర్పడినప్పుడు అది మండల కేంద్రమాయెను. ఆ పేరులోని తొలి రెండక్షరములను మాత్రము వేరు చేసి చూతము. రెవెన్యూ లెక్కలలో 'తరి' యనగా నీటి వసతి గల భూమి. దానికి ఎదురు మాట 'ఖుష్కి', అనగా మెట్ట. కావ్యము చదువువారికి 'తరి' యనగా సమయము. పాడి గల ఇంట 'తరికడవ' యనగా చల్ల చిలుకు కుండ. సంస్కృతము నేర్చినవారికి 'తరి' యనగా పడవ. ఊరి పేరు పుట్టుక నేటి మా ప్రసంగమునకు విషయము కాదు. ఒకే మాట పట్వారి నోట నొకటిగను, కవి నోట నొకటిగను, గృహిణి నోట నొకటిగను పలుకుట మాత్రమే మేము చూపదలచినది.

ఇట్టి మాటయే ఇంగ్లీషున నొకటి కలదు. అది 'సైడ్‌బార్'. వడ్రంగి, వకీలు, పత్రికా రచయిత, కంప్యూటరు పనివారు, అందరును ఆ మాటను వాడుదురు. ఒకరు వాడిన అర్థము మరియొకరికి పట్టదు. మాటను విడదీసినచో 'సైడ్' అనగా పక్క, 'బార్' అనగా బద్ద, కమ్మి, పట్టె. పక్కన నుండు పట్టె యనుట స్పష్టమే. కాని ఆ పట్టె ఎక్కడ నున్నది, దేనిని మోయుచున్నది, ఎవరిని కాపాడుచున్నది అను ప్రశ్నలకు రంగమును బట్టి సమాధానము మారును.

మొదట కొయ్య పనిని చూతము. ఇంగ్లీషు నిఘంటువులలో ఈ మాటకు బండి చట్రమునకు ఇరువైపుల నుండు నిడుపాటి కొయ్య యనియు, గుఱ్ఱపు జీనులో ముందు వెనుకల భాగములను కలుపు పక్కబద్ద యనియు అర్థములు కలవు. మన ఊళ్ళలో ఈ వస్తువులకు పేర్లు వెదకుకొనవలసిన పని లేదు. నులక మంచమునకు నాలుగు కోళ్ళు. వానిని నిడుపుగా కలుపునవి పట్టెలు. పండుకొన్నవాని బరువంతయు నులక మీద నున్నట్లు తోచును గాని, ఆ నులకను రెండు వైపుల నుండి లాగి పట్టి యుంచునవి పట్టెలే. పట్టె విరిగినచో నులక యెంత క్రొత్తదైనను మంచము మూలకు చేరవలసినదే. ఎడ్లబండికి నొగలు కూడ నట్టివే. రెండు పక్కలనుండి బయలుదేరి కాడి వైపునకు సాగు ఆ కొయ్యలు లేనిచో ఎద్దులకును బండికిని సంబంధమే లేదు. 'సైడ్‌బార్' అను మాటకు మన భాషలో ఈడు లేదని చింతించువారు ముందుగా తమ యింటి మంచమును చూడవలెను.

కొయ్య నుండి ఇనుమునకు వత్తము. మోటారు సైకిలు వెనుక చక్రమునకు ఒక పక్కన ఇనుప కమ్ములతో నొక అడ్డు కట్టుదురు. దానిని మనవారు 'శారీ గార్డు' అందురు. వెనుక నొక ప్రక్కకు తిరిగి కూర్చున్న స్త్రీ చీరచెరగు తిరుగుచున్న చక్రపు ఊచలలో చిక్కుకొన్నచో ప్రాణాపాయము. కనుకనే 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది, వెనుక నొకరిని కూర్చుండబెట్టుకొను వీలున్న ప్రతి మోటారు సైకిలునకు వెనుక చక్రములో సగమునకు తక్కువ కాకుండ కప్పునట్టి రక్షణ సాధనము ఉండవలెనని విధించినది. చేయి పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు ఆధారము కూడ అదే నిబంధనలో కలవు. బండికి అందము తగ్గునని ఈ కమ్ములను ఊడదీయించు యువకులు కలరు. అవి పక్కన నున్నవి గదా, లేకున్ననేమి యని వారి తలంపు. ఆ కమ్ములు బండి నడపువాని కొరకు కాదు, వాని వెనుక కూర్చున్నవారి కొరకు పెట్టినవని వారు మరచుచున్నారు.

ఇక న్యాయస్థానమునకు పోదము. 'బార్' అన్నంతనే నేడు పట్టణములలో వేరొక అర్థము స్ఫురించును గాని, న్యాయస్థానమున బార్ యనగా మొదట కొయ్యకమ్మియే. న్యాయమూర్తి కూర్చుండు తావును తక్కినవారి తావునుండి వేరుపరచు కమ్మి యది. దాని కడ నిలిచి వాదించువారి సమూహమునకు కాలక్రమమున 'బార్' అనియే పేరు వచ్చినది. ఇంగ్లండులో పూర్వము అటార్నీలు న్యాయస్థానమున పక్కకమ్మి కడ నిలిచి, వాదము అవసరము లేని సామాన్యమైన ఉత్తరువులను కోరుచుండెడివారు. అట్టి ఉత్తరువులకు పక్కకమ్మి ఉత్తరువులనియే పేరు కలిగెను. అమెరికాలో ఆ మాట మరియొక మలుపు తిరిగినది. అచ్చట విచారణ నడుచుచుండగా న్యాయమూర్తి ఇరుపక్షముల వకీళ్ళను తన బల్ల పక్కకు పిలిచి, జ్యూరీకి వినబడకుండ మాటలాడును. ఆ సంభాషణమే 'సైడ్‌బార్'. ఏదేని సాక్ష్యము చట్టరీత్యా చెల్లదని న్యాయమూర్తి త్రోసిపుచ్చవలసి యుండవచ్చును. జ్యూరీలోనివారు దానిని ఒకసారి విన్న తరువాత మరచిపొమ్మని చెప్పినను మరువగలరా? ఆ భయము చేతనే ఆ మాటలు పక్కన జరుగును. మన దేశమున 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు జ్యూరీ విచారణకు చోటు ఈయలేదు. కనుక ఆ యర్థముతో ఆ మాట మన కోర్టులలో నాటుకొనలేదు. అవసరము లేని చోటికి మాటను బలవంతముగా తెచ్చినను అది నిలువదనుటకు ఇది యొక నిదర్శనము.

వార్తాపత్రికలలో 'సైడ్‌బార్' అనగా పెద్ద వార్త ప్రక్కన వేరుగా కూర్చిన చిన్న వార్త. తెలుగు పత్రికలవారు దీనిని 'బాక్స్ ఐటం' అందురు. పెద్ద వార్త చెరువు తెగినదని చెప్పును. ఆ చెరువు క్రింద ఎన్ని ఎకరములున్నవి, పూర్వమెప్పుడు తెగినది అను సంగతులను గీతల నడుమ నున్న చిన్న వార్త చెప్పును. తొందరలో నున్న పాఠకుడు ముందుగా దానినే చదువుట మనమెరిగినదే. కంప్యూటరు తెర మీద ఒక ప్రక్కన నిలువుగా నుండి, ఎచ్చటికి పోవలెనో త్రోవ చూపు వరుసకు కూడ ఇదే పేరు. తెలుగులో దానిని 'పక్కపట్టీ' అనువారున్నారు. అది మంచి మాట. మంచపు పట్టెకు దగ్గరి చుట్టమగుటచే వినుటకును కొత్తగా తోచదు.

ఇచ్చట రేడియో గల గృహములవారికి ప్రీతికరమైన సంగతి నొకదానిని చెప్పవలసి యున్నది. రేడియో శాస్త్రమున 'సైడ్‌బాండ్' అను మాట కలదు. ఇంగ్లీషున బార్ వేరు, బాండ్ వేరు. తెలుగున రెండింటికిని పట్టెయో పట్టీయో సరిపోవును. హైదరాబాదు కేంద్రమును శ్రోతలు 738 కిలోహెర్ట్జ్ మీద విన్నారు. ఆ 738 అనునది వాహక తరంగము. ఆశ్చర్యమేమనగా, ఒంటరిగా నున్న ఆ వాహక తరంగమున మాట లేదు, పాట లేదు. ప్రసంగించువాని కంఠధ్వని దానితో కలిసినప్పుడు దానికి ఇరువైపుల రెండు పట్టీలు ఏర్పడును. ధ్వని 4,500 హెర్ట్జ్ వరకు ఉన్నదనుకొందము. అప్పుడు క్రిందిపట్టీ 733.5 వరకును, పైపట్టీ 742.5 వరకును వ్యాపించును. మధ్యతరంగములలో మన దేశమున పక్కపక్క ప్రసారస్థానములకు నడుమ 9 కిలోహెర్ట్జ్ ఎడము పాటించుట ఈ పట్టీలు ఒకదానిపై నొకటి పడకుండుటకే. ధ్వనిని పూర్తిగా ఎక్కించినప్పుడు కూడ ప్రసారశక్తిలో మూడింట రెండు వంతులు వాహక తరంగమే తీసికొనును. మిగిలిన ఒక్క వంతును రెండు పట్టీలును పంచుకొనును. మనము వినునదంతయు ఆ ఒక్క వంతులోనిదే. ఇది గ్రహించియే అమెచ్యూరు రేడియోవారు వాహకమును, ఒక పట్టీని విడిచి, మిగిలిన యొక్క పట్టీతోనే దూరదేశములవారితో మాటలాడుచున్నారు.

సంగీతము వినువారికి ఇది వింత కాదు. కచేరీలో వయొలినును మృదంగమును మనము 'పక్కవాద్యములు' అందుము. పక్కన నున్నవని వానిని ఎవరును తక్కువగా చూడరు. తెలుగున పక్క యనగా తోడు, అండ. ఒకని పక్కన నిలుచుట యనగా వానికి బాసటయగుట.

ఇంతవరకు చెప్పినది వస్తువులను గూర్చి, శాస్త్రమును గూర్చి. ఇక కాగితపు పక్కకు వత్తము. బ్రతుకుతెరువునకు అంటిన అర్థము అచ్చటనే కలదు. తాళపత్ర గ్రంథములలో ఆకు ఎడమ అంచున కొంత చోటు విడిచి, అచ్చట పత్రసంఖ్య వేయుట మన వ్రాయసకాండ్ర పద్ధతి. త్రాడు తెగి ఆకులు చెదరినప్పుడు, నడుమ నున్న పద్యములెంత గొప్పవైనను వానిని తిరిగి వరుసలో పెట్టునది పక్కన నున్న ఆ చిన్న అంకెయే. పాలకుర్తి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర, రెండును నేటి జనగామ జిల్లాలోనివి. ఆ మహాకవుల కావ్యములు శతాబ్దులు దాటి మన చేతికి వచ్చుటలో అంచున వేసిన ఆ అంకెల సాయము కూడ కలదు.

అదే జిల్లాలో ఇంటింట మాటలాడుకొను మరియొక కాగితము పహాణీ. హైదరాబాదు రాజ్యము నాటినుండి ఏటేట వ్రాసిన భూమి లెక్క యది. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు, ఇవి మొదట వచ్చును. వాని ప్రక్క గడులలో అనుభవదారు పేరు, అనగా ఆ భూమిని నిజముగా దున్నుకొనుచున్నవాని పేరు, వేసిన పంట, చివరకు కైఫియతు. పట్టాదారు గడి నడుమ నులక వంటిది; పక్క గడి పట్టె వంటిది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించి, 38-ఇ విభాగము క్రింద వారికి యాజమాన్యము పొందు మార్గము చూపినది. కాని ఏళ్ళ తరబడి దున్నినవాడు ఆ సంగతిని ఋజువు చేసికొనుటకు చూపగల కాగితములలో ముఖ్యమైనది ఆ పక్క గడియే.

ఈ విషయమున జనగామ ప్రాంతమునకు గల అనుభవము చిన్నది కాదు. 1940ల నడుమ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసికొని సాగుచేసిన భూమిపై విసునూరు దేశముఖు కన్నువేసి పంటను లాగుకొనజూచెను. సంఘము కార్యకర్తలు అండగా నిలిచి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చిరి. దున్నినది ఎవరు, కాగితము ఎవరిది అను ప్రశ్నయే ఆ పోరాటమునకు మూలము. ఆమె 1985 సెప్టెంబరు 10న కన్ను మూసెను. ప్రశ్న మాత్రము నిలిచియున్నది.

2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకమును ఆరంభించి ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారులకు ఇచ్చెను. కౌలుదారునకు అందులో పాలు లేదు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు ఆ పట్టికలలో అనుభవదారునకు గడియే లేకపోయెను. ఆ గడి తగవులకును లంచములకును తావిచ్చుచున్నదని కొందరు వాదించిరి. అది లేనిచో కౌలురైతునకు అప్పు, పంటనష్ట పరిహారము దొరకు దారి మూసికొనిపోవునని మరికొందరు వాదించిరి. ఇరువురి మాటలోను సత్యము లేకపోలేదు. గడిలో అబద్ధము వ్రాసినవాడున్నచో వానిని దండింపవచ్చును, వ్రాతను సరిదిద్దవచ్చును. గడినే తీసివేసినచో నిజము వ్రాయుటకు కూడ చోటు మిగులదు. ధరణి స్థానమున 2025 ఏప్రిలులో భూభారతి చట్టము అమలులోనికి వచ్చెను. చట్టముల పేర్లు మారుచుండును. దున్నువాని పేరునకు కాగితము మీద ఎంత చోటున్నదని ప్రతి చట్టమును అడుగుట మన విధి.

ఇన్ని రంగములు తిరిగిన తరువాత 'సైడ్‌బార్' అను మాటకు తెలుగున ఒకే మాట నిర్ణయింపవలెనా యని ప్రశ్నించినచో, వలదనియే మా అభిప్రాయము. మంచమునకు పట్టె, బండికి నొగ, పత్రికకు బాక్సు, తెరకు పక్కపట్టీ, రేడియోకు పార్శ్వపట్టీ, పహాణీకి గడి. ఏ పనివారి మాట ఆ పనివారికి ఉండనిండు. అన్నిటికి ఒకే ముద్ర వేసినచో సౌకర్యము కలుగవచ్చును గాని, ఆ పట్టె ఏమి మోయుచున్నదో తెలియకుండ పోవును. శ్రోతలలో కౌలుకు దున్నువారున్నచో, పట్టాకాగితము వచ్చినప్పుడు నడుమ నున్న పేరుతో చదువుట ఆపక, ప్రక్క గడులను చివరి కైఫియతు వరకు చదివించుకొని వినవలెనని మా మనవి.