పోతు ట్యాగా, ఆడ ట్యాగా?

కొలరాడోలో ఎల్క్ వేట లాటరీకి దరఖాస్తులు ఏటా ఏప్రిల్ మొదట్లో ముగుస్తాయి. "అన్నయ్యా, పోతుకి పెట్టాలా, ఆడదానికా?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. ఏటా పెడుతున్నవాణ్ణి గనక నాకు తెలిసింది చెబుతాను.

ఎల్క్ అంటే మన కణుజుకి దూరపు చుట్టం. పోతు 300 కిలోలు దాటుతుంది, ఆడది అంతకంటే చిన్నది. గోడకి కొమ్ములు కావాలంటే పోతుకే పెట్టాలి. కాని పేరున్న యూనిట్లలో అది రావాలంటే ప్రిఫరెన్స్ పాయింట్లు ఏళ్ళ తరబడి కూడబెట్టాలి. ఫ్రీజరు నిండితే చాలనుకుంటే ఆడదానికి పెట్టండి. చాలాచోట్ల త్వరగా వస్తుంది.

ఇక్కడొక కిటుకుంది. దరఖాస్తులో 4 ఎంపికలుంటాయి. పాయింట్లు ఖర్చయ్యేది మొదటి ఎంపిక దక్కితేనే. అందుకని మొదట పోతు, రెండోది ఆడది రాయండి. పోతు రాకపోతే పాయింటు జమవుతుంది, ఆడది వస్తే ఆ ఏడు వేటా దక్కుతుంది. అయితే రెండో ఎంపికకి వచ్చేది మిగిలిన ట్యాగులే. కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ పాత లాటరీ ఫలితాలు చూసి, ట్యాగులు మిగిలే యూనిట్ ఎంచుకోండి.

ఇక మనసుకి సంబంధించిన మాట. నేను మొదటిసారి ఆడ ట్యాగు తెచ్చుకుంటే మా అమ్మ, "ఆడజీవిని కొడతావట్రా? ఉసురు తగలదూ!" అంది. అమ్మ మాటలో న్యాయం ఉంది. మన గొర్రెల కాపరి పొట్టేళ్ళని అమ్ముకుని గొర్రెల్ని ఉంచుకుంటాడు, మంద పెరగాలని. ఇక్కడి అధికారులదీ అదే లెక్క, తిరగేసి. ఒక్క పోతు ఎన్నో ఆడవాటిని చూడి కట్టిస్తుంది గనక పోతుల్ని కొడితే మంద పెద్దగా తగ్గదు. మేతకి మించి పెరిగినచోట ఆడ ట్యాగులు ఎక్కువిస్తారు. నైరుతి కొలరాడోలో దూడలు సరిగా బతకడం లేదని వాటిని బాగా కోసేశారు కూడా.

ఒక మాట దాచను. ఎదకాలం సెప్టెంబరులో గనక, అక్టోబరు తర్వాత కొట్టే ఆడవాటిలో చాలా వరకు చూడితోనే ఉంటాయి. దానికి మనసొప్పకపోతే పోతుకే పెట్టి ఓపిక పట్టండి, తప్పేం లేదు. ఒప్పుకుంటే మాత్రం తినదగిన మాంసమంతా ఇంటికి తెచ్చుకోండి. చట్టమూ అదే అంటుంది.

1949 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. ఆ క్లాసు ఈ చలికాలంలోనే పూర్తి చేసుకోండి.