చార్జి తీసుకున్నాకే తలుపు వేయండి

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ పాసై 1988లో ఫౌజులో చేరాను. 28 ఏళ్ళు చేసి సుబేదారుగా ఇంటికొచ్చాను. కార్యదర్శి గారు ఏదైనా మాట్లాడమన్నప్పుడు, సర్వీసు కబుర్లు వద్దండీ, ఆసుపత్రి తలుపు ముందు గడిపిన ఒక రాత్రి సంగతి చెబుతానన్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. నాన్న పోయాక 2018లో అమ్మను నా దగ్గరకు పుణె తెచ్చుకున్నాను. అప్పటికే ఎనభై దగ్గర పడింది. మతిమరుపు జబ్బు, డాక్టర్లు డిమెన్షియా అంటారు. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. నీళ్ళు కూర్చోబెట్టి చెంచాతో పట్టాలి, పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది. తెలుగు తప్ప మరో భాష రాదు, అదీ మా ఊరి తెలుగు. ఇవన్నీ నాకు, మా ఇంటావిడకు తెలుసు. ఏ కాగితం మీదా లేవు.

2022 వానాకాలంలో ఒక రాత్రి అమ్మకు జ్వరం, ఆయాసం. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దాని పేరు ఇక్కడ అనవసరం. స్ట్రెచర్ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. నేను ఒక్క నిమిషం లోపలికి వెళ్ళి చెప్పి వస్తానన్నాను. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. చూస్తే మనలాంటి ఎక్స్-సర్వీస్‌మనే. "సాబ్, ఆర్డర్ హై. రేపు సాయంత్రం విజిటింగ్ టైముకి రండి" అన్నాడు. నేనూ ఆర్డర్ మోసినవాణ్ణే, అతని మీద ఏం కోప్పడను? బెంచీ మీద కూర్చున్నాను. రెండుసార్లు తలుపు కొట్టాను. రెండుసార్లూ "పేషెంటుకి ట్రీట్‌మెంటు జరుగుతోంది, కంగారు పడకండి" అన్నారు. మందుల చీటీ, బిల్లు మాత్రం మూడుసార్లు బయటికొచ్చాయి.

తెల్లవారుజామున ఒక ఆయా బయటికొచ్చింది. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆగింది. షోలాపూర్ పద్మశాలీల ఇంటి ఆడపడుచు. "లోపల ముసలమ్మ మీ అమ్మేనా బాబూ? రాత్రంతా గుంట, గుంట అని ఏడుస్తోంది. ఎక్కడో గుంటలో పడిపోతానని భయమా ఏంటి?" అని అడిగింది.

నాకు గొంతు పట్టేసింది. మా వైపు గుంటడంటే కుర్రాడు, కొడుకు. ఏభై దాటిన నన్ను అమ్మ అప్పటికీ అలాగే పిలిచేది. "నా గుంటడేడర్రా" అని రాత్రంతా అడిగింది. గుంటడు ఇరవై అడుగుల దూరంలో బెంచీ మీద ఉన్నాడు. ఆమె మాట తెలిసినవాళ్ళు బయట, తెలియనివాళ్ళు లోపల.

ఆ ఆయా వెళ్ళి సిస్టరుకు చెబితే, పది నిమిషాలు లోపలికి రానిచ్చారు. సెలైన్ సూది పీకేస్తోందని అమ్మ రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కమ్మీకి కట్టేశారు. డాక్టరు పిలిచినా పలకడం లేదని షీట్‌లో రాశారు. పిలిచింది ఎడమ చెవి వైపు నుంచి. నేను కుడివైపు వంగి "అమ్మా, నేనేనే" అన్నాను. కళ్ళు తెరిచింది. "దాహం" అంది. మంచం తల ఎత్తించి, సిస్టరును అడిగి చెంచాతో నీళ్ళు పట్టాను. కాసేపటికి కట్లు విప్పారు. సూది జోలికి మళ్ళీ పోలేదు. చెవి సంగతి, మింగడం సంగతి, మాటల సంగతి చెబితే ఆ సిస్టరు అంది: "ఇవన్నీ రాత్రే చెబితే బాగుండేది కదా అంకుల్?"

"చెప్పడానికే కదమ్మా తలుపు కొట్టింది" అన్నాను.

తొమ్మిది రోజులకు అమ్మ ఇంటికొచ్చింది. మరో పద్నాలుగు నెలలు బతికింది. వైద్యం బాగా చేశారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. కానీ ఇంట్లో తలుపు చప్పుడైతే చాలు, చేతులు రెండూ చీరలో దాచుకునేది. అది చివరిదాకా పోలేదు.

మిత్రులారా, ఫౌజులో డ్యూటీ మారినప్పుడు చార్జి ఇవ్వకుండా ఎవరూ పోస్టు వదలరు. కొత్త సంత్రీ వచ్చాడంటే పాతవాడు అన్నీ చెప్పే దిగుతాడు. స్టోరులో ఒక్క దుప్పటి చేతులు మారినా లెక్క, సంతకం ఉంటాయి. మరి మతి లేని తల్లిని, మాట రాని కొడుకుని లోపలికి తీసుకునేటప్పుడు చార్జి తీసుకోరెందుకు? నేను చూడ్డానికి వచ్చినవాణ్ణి కాదు, నాలుగేళ్ళు ఆమె డ్యూటీ చేసినవాణ్ణి. చూడ్డానికి వచ్చేవాళ్ళు వేరు, చూసుకునేవాళ్ళు వేరు. రూలు ఇద్దర్నీ ఒకే గాటన కడుతోంది.

ఆసుపత్రి వాళ్ళ బాధా నాకు తెలుసు. ఐసీయూలో ఇన్ఫెక్షన్ భయం. గొట్టం వేసేటప్పుడు, గుండె నొక్కేటప్పుడు మనం అడ్డం. పైగా మనవాళ్ళు ఒక పేషెంటుకి జీపెడుమంది దిగుతారు, డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్న వార్తలూ చదివాం. 2020, 2021 కోవిడ్ రోజుల్లో అందర్నీ బయట నిలబెట్టడానికి కారణం ఉంది. నేనడిగేది గుంపును కాదు. తనంతట తాను చెప్పుకోలేని పేషెంటుకు ఒక్క మనిషి, ఒక్క కార్డు. చేతులు కడుక్కుని వస్తాడు, పొమ్మన్నప్పుడు పోతాడు.

మన సంఘంలోని రిటైర్డ్ మెడికల్ ఆఫీసరు గారిని అడిగితే రెండు విషయాలు చెప్పారు. ఒకటి, జబ్బుపడ్డ ముసలివాళ్ళకు కొత్త చోట ఉన్న తెలివీ చెదిరిపోతుంది, దాన్ని డెలీరియం అంటారు. కళ్ళజోడు, చెవి మిషను, తెలిసిన ముఖం, ఇవి అందులో మందుతో సమానం. రెండు, నెలలు నిండని పిల్లల వార్డులోకి ఒకప్పుడు తల్లినీ రానిచ్చేవాళ్ళు కాదు. భారత్‌తో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో కలిపి ఐదు ఆసుపత్రుల్లో తల్లిని మొదటి గంటల నుంచే లోపల ఉంచి, బిడ్డను ఒంటికి హత్తుకోనిచ్చి చూశారు. 2021లో ఫలితం ప్రచురించారు. 28 రోజుల్లోపు మరణాలు నూటికి 15.7 నుంచి 12కి తగ్గాయట. అంత సున్నితమైన చోటే తల్లికి దారి దొరికితే, ముసలితల్లి దగ్గరకు కొడుక్కి దొరకదా?

చట్టం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక వైద్యశాలలో రోగిని కట్టేస్తే, ఆ రోగి ప్రతినిధికి 24 గంటల్లోపు తెలియజేయాలి. మామూలు ఆసుపత్రికి ఆ సెక్షన్ నేరుగా వర్తించదు. అయినా మర్యాద ఎక్కడైనా ఒకటే. ఇక మనలో కొందరి ఇళ్ళల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలున్నారు. 18 నిండితే చట్టం దృష్టిలో వాళ్ళు మేజర్లు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఆఫీసులోని స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి గార్డియన్ కాగితం తీసుకోండి. అర్ధరాత్రి కౌంటరు దగ్గర అది పనికొస్తుంది.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఇవాళే ఒక కాగితం రాయండి, ఇంగ్లీషులో, హిందీలో. ఏ చెవి వినపడుతుంది, ఎలా మింగుతారు, ఏ మందు పడదు, నొప్పినీ దాహాన్నీ బాత్రూమునీ ఏ మాటతో అడుగుతారు. రెండు కాపీలు ఈసీహెచ్‌ఎస్ కార్డుతో పెట్టుకోండి. కౌంటరు దగ్గర "లోపలికి రావచ్చా" అని అడగకండి, "చార్జి ఎవరికివ్వాలి" అని అడగండి. మన సంఘం తరఫున రాత్రిపూట ఫోనులో తెలుగు చెప్పగలిగే పదిమంది పేర్లు రాసుకుందాం. మొదటి పేరు నాది.

చివరి మాట, ఆసుపత్రి గేట్ల దగ్గర సెక్యూరిటీ చేస్తున్న మనవాళ్ళకు. రూలు మార్చే అధికారం మీకు లేదు, ఒప్పుకుంటాను. లోపలికి కబురు పంపే అధికారం మాత్రం ఉంది. "ఫలానా పేషెంటు కొడుకు బయట ఉన్నాడు, చెప్పాల్సింది ఉందంటున్నాడు" అని ఒక్క మాట లోపలికి చేర్చండి. ఆ రాత్రి మాకు ఆ పని చేసింది ఆయా. ఆవిడ పేరైనా అడగలేదు నేను. ఆ సిగ్గు ఇంకా ఉంది.

జై హింద్.