వాపు చెప్పే మాట
(ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళు పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. రోగనిరోధక శాస్త్రం గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చింది పాఠ్యపుస్తకం కాదు, మా అమ్మ చేతులు.

అమ్మ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని చేసేది. చట్రంలో పుల్లలు పేర్చడం ఆమె పని. నలభై అయిదేళ్ళ వయసులో ఆమె వేళ్ళ కణుపులు వాచాయి. “పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవురా, ఎండెక్కితే గానీ చట్రం పట్టలేను” అనేది. ఆమెకు తమిళం తెలుసు. అయినా ఒంటి బాధ చెప్పుకొనేది తెలుగులోనే. వైద్యుని ఎదుట ఆమె మాటను తమిళంలో వినిపించినవాణ్ణి నేను. చెప్పింది రెండే ముక్కలు: “కై వలి”. చేతి నొప్పి అని. పొద్దుటి బిగుతు గురించి గాని, ఎండెక్కాక అది సడలడం గురించి గాని, రెండు చేతులకూ ఒకే తీరున రావడం గురించి గాని నేను చెప్పలేదు. చాకిరీ చేసే చేతికి నొప్పి సహజమని నొప్పి మాత్రలతో పంపించారు.

తరువాత ఎవరో చెప్పగా ఒకచోట పేరు లేని మందు పొట్లాలు కొన్నాము. వారంలో నొప్పి మాయమైంది. ఇల్లంతా సంతోషించింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె ముఖం ఉబ్బింది, చక్కెర వ్యాధి బయటపడింది, వేళ్ళు వంకరపోయాయి. చివరకు పెద్దాసుపత్రిలో తెలిసింది: ఆమెది రుమటాయిడ్ కీళ్ళవాతం. పొట్లాలలో ఉన్నది స్టెరాయిడ్ అయివుంటుందని అక్కడి వైద్యులు అన్నారు. మాకు తెలియనిది ఒక్కటే. వాపు అంటే ఏమిటో మాకు తెలియదు.

మన నల్లరేగడి నేలలో సీమతుమ్మ ముల్లు గుచ్చుకోని కాలు ఉండదు. ముల్లు దిగిన చోట కొన్ని గంటలలో ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలను 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ వ్రాసిపెట్టాడు. 1882లో ఎలీ మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రవేత్త సిసిలీ ద్వీపంలోని మెస్సినా పట్టణంలో, అద్దంలాంటి శరీరంగల నక్షత్ర చేప పిల్లలకు గులాబీ ముళ్ళు గుచ్చి చూశాడు. మరునాటి ఉదయానికి ముల్లు చుట్టూ కణాలు గుమికూడి ఉన్నాయి. పరాయి వస్తువును మ్రింగివేయడానికి వచ్చిన రక్షక కణాలవి. ఆ పరిశీలనతో మొదలైన కృషికి 1908లో పాల్ ఎర్లిఖ్‌తోపాటు అతనికి నోబెల్ బహుమతి లభించింది. వాపు మొదట రోగం కాదు, శరీరం చేసే కావలి పని. శాస్త్రజ్ఞులు దీనిని శోథం అంటారు.

ఆ కావలి ఎక్కడ ఆగాలి, ఆగకపోతే ఏమవుతుంది అనే ప్రశ్నపై పనిచేస్తున్నవారిలో ఒక తెలుగు మహిళ ప్రపంచ ప్రసిద్ధురాలు. ఆమె డాక్టర్ కన్నెగంటి తిరుమలాదేవి. తెలంగాణలోని బొగ్గుగనుల పట్టణం కొత్తగూడెం ఆమె ఊరు. అక్కడి సింగరేణి మహిళా కళాశాలలో పట్టభద్రురాలై, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్.డీ. చేశారు. 2007 నుండి అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో ఉన్నారు.

ఆమె తొలి పరిశోధన మన ఊరి వ్యాపారానికి చాలా దగ్గరిది. విరుదునగర్ అంగళ్ళలో బస్తాలకొద్దీ చేతులు మారే ఎండుమిరప, ధనియాలు వంటి దినుసులలో బూజు వదిలే విషాన్ని కనిపెట్టడమే ఆ పని. మిరపలో ఓక్రటాక్సిన్ అనే బూజు విషాన్ని పట్టే పరీక్షపై 2000లో, మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపులలో ఆ విషం ఉనికిపై 2001లో ఆమె, ఆమె సహచరులు పత్రాలు ప్రచురించారు. తరువాత అమెరికాలో బంగాళదుంప పైరును మాడ్చే తెగులు క్రిమిని అధ్యయనం చేశారు. తెగులు సోకినప్పుడు మొక్క ఆ చోటి కణాలను తానే చంపుకొని, తెగులు ముందుకు పాకకుండా అడ్డుకట్ట వేస్తుంది. ఇంటికి నిప్పంటుకుంటే పక్కనున్న కప్పు పీకివేసి మిగతా వాడను కాపాడినట్లు. మొక్కలో ఈ అపాయాన్ని పసిగట్టే ప్రొటీన్లకు పోలికగల ప్రొటీన్లు మన కణాలలోనూ ఉన్నాయి. మిరపనుండి మొక్కకు, మొక్కనుండి మనిషికి ఆమె దారి అలా సాగింది.

మన కణాలలోని అటువంటి ప్రొటీన్లలో ఒకదాని పేరు ఎన్.ఎల్.ఆర్.పి.3. అది పనిచేసే తీరు కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వారికి నేను సులభంగా చెప్పగలను. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది. పెట్టె పక్కన పూసిన పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ విడివిడిగా ఉన్నంతకాలం పెట్టె జేబులో పెట్టుకొని తిరగవచ్చు. రెండూ ఒరుసుకుంటేనే నిప్పు. మన రక్షక కణంలోనూ అపాయాన్ని పసిగట్టే ప్రొటీను, దానిని కలిపే ప్రొటీను, కాస్పేస్-1 అనే కోత ఎంజైము విడివిడిగా ఉంటాయి. అపాయం తగిలినప్పుడు మూడూ ఒక్కచోట కూడుతాయి. ఆ కూర్పుకు 2002లో యూర్గ్ చోప్ బృందం ఇన్‌ఫ్లమజోమ్ అని పేరు పెట్టింది. అది కూడగానే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనం పదునై బయటికి వస్తుంది. జ్వరం, వాపు దాని పనులే. సూక్ష్మక్రిముల ఆర్.ఎన్.ఏ. ఈ కూర్పును మేల్కొల్పగలదని 2006లో నేచర్ పత్రికలో తెలిపిన బృందంలో తిరుమలాదేవి ముఖ్యులు.

అయితే క్రిమి ఒక్కటే ఈ నిప్పు రాజేయదు. కీళ్ళలో పేరుకొనే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలూ రాజేస్తాయి. గౌట్ నొప్పి అదే. రాళ్ళ క్వారీలలో, క్రషర్లలో ఊపిరితో లోపలికి పోయే సిలికా ధూళీ రాజేస్తుంది. ధూళిని కణం జీర్ణించుకోలేదు, నిప్పు ఆరదు, ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. అక్కడ పనిచేసే మనవారికి ముఖానికి తగిన మాస్కు, రాతిపై నీరు చల్లడం అలంకారాలు కావు, ప్రాణరక్షణ.

నిప్పు మితిమీరితే ఏమవుతుందో కోవిడ్ కాలంలో చూశాము. రోగనిరోధక కణాలు వెలువరించే రసాయనాలలో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండూ కలిసినప్పుడు కణాలు మూకుమ్మడిగా చనిపోతాయని, ఆ రెండింటినీ అడ్డుకుంటే ఎలుకలలో మరణాలు తగ్గాయని 2021లో ఆమె బృందం సెల్ పత్రికలో ప్రకటించింది. విడివిడిగా ఏ ఒక్కటీ అంత హాని చేయలేదు. ఇక్కడా పుల్ల, పట్టీ కథే. ఇటువంటి మరణంలో కణం చనిపోయే మూడు మార్గాలు కలిసిపోతాయని గుర్తించి, దానికి పాన్‌ఆప్టోసిస్ అని 2019లో పేరు పెట్టిందీ ఆమె బృందమే. ఎలుకలలో తేలినది మనుషులకు మందుగా మారడానికి ఎంతో దూరం ఉంటుంది. అయినా ఎక్కడ అడ్డుకోవాలో తెలిస్తేనే మందు వెదకగలరు.

నిప్పు ఆర్పడానికీ సమయం ఉంటుంది. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్, వెంటిలేటరుపై ఉన్న కోవిడ్ రోగుల మరణాలను సుమారు మూడో వంతు తగ్గించింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ చేయలేదు. మరుసటి ఏడు మన దేశంలో నల్ల ఫంగస్ ప్రబలినప్పుడు, అదుపులేని చక్కెర వ్యాధితోపాటు విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం కూడా కారణమని వైద్యులు హెచ్చరించారు. అదే మందు ఒకరికి ప్రాణం, మరొకరికి గండం.

అమ్మకు వచ్చిన జబ్బులో రక్షక కణాలు తన కీళ్ళనే పరాయివిగా ఎంచి దాడి చేస్తాయి. అక్కడ ముఖ్యమైన రసాయనం టి.ఎన్.ఎఫ్. దానిని అడ్డుకొనే మందులు 1990ల చివర వచ్చి ఎందరి వేళ్ళనో నిలబెట్టాయి. అయితే ఊపిరితిత్తులలో నిద్రించే క్షయ క్రిమి చుట్టూ గోడ కట్టి కాపలా కాసేది కూడా టి.ఎన్.ఎఫ్. సాయంతోనే. అందుకే ఆ మందుకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మనకు మరీ అవసరం. కీలులో కాల్చే నిప్పు, ఊపిరితిత్తిలో కాపాడే నిప్పు ఒకటే. దానిని గ్రుడ్డిగా ఆర్పరాదు, గ్రుడ్డిగా వదలరాదు.

పల్లెలు విడిచి ఈ పట్టణాలకు వచ్చిన మన తెలుగు ఇళ్ళకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి.

పొద్దున లేచాక కీళ్ళ బిగుతు అరగంటకు మించి ఉంటే, వాపు వారాల తరబడి తగ్గకపోతే, అది అలసట అనుకోవద్దు. అరిగిన కీలు పనితో నొస్తుంది. శోథం పట్టిన కీలు విశ్రాంతి తరువాత బిగుసుకుంటుంది. ఈ తేడాయే వైద్యునికి దారి చూపుతుంది. తొలి నెలలలో సరైన మందు మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడవచ్చు. 2022 నుండి విరుదునగర్‌లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దూరమనే సాకు మునుపటంత లేదు.

పేరు లేని పొట్లం వేసుకోవద్దు. ఏ మాత్ర ఇచ్చినా పేరు వ్రాయించుకోండి, ఇది స్టెరాయిడా అని అడగండి. ఇప్పటికే చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానవద్దు. అదీ ప్రమాదమే. వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి.

చివరి మాట యువకులకు. అమ్మమ్మనో తాతయ్యనో ఆసుపత్రికి తీసుకువెళ్ళేది మీరు. వారు తెలుగులో చెప్పిన పది మాటలను తమిళంలో రెండు చేయకండి. ఎప్పుడు బిగుస్తుంది, ఎప్పుడు సడలుతుంది, ఎక్కడ వేడిగా ఉంది, ఏ పని చేయలేకపోతున్నారు, అన్నీ చెప్పండి. తెలియని మాట ఉంటే వేలితో చూపించి చెప్పండి. మా అమ్మ ఆనాడు తన రోగాన్ని సరిగానే చెప్పింది. వైద్యునికి చేరనివ్వనివాణ్ణి నేనే.