కిరణం తగలని కణం సంగతి



తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే భక్తుల మనసంతా ఏడుకొండలవాడి మీదే ఉంటుంది. పక్కనున్న రాతిగోడను చూసేవాళ్లు తక్కువ. అక్కడ అడుగున ప్రాచీన గ్రానైట్, దానిమీద క్వార్ట్‌జైట్ పొరలు, రెండింటి మధ్య కోట్ల ఏళ్ల ఎడం. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీగా భూగర్భశాస్త్రం గుర్తించిన చోటు అది. గ్రానైట్ అన్నాక యురేనియం, థోరియం ఎంతో కొంత ఉంటాయి. యురేనియం క్షీణించే క్రమంలో రేడాన్ వాయువు పుడుతుంది. దాన్ని పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆల్ఫా కిరణం ఎక్కడో ఒక జీవకణాన్ని తాకుతుంది.

మరి తాకని కణం మాటేమిటి? దానికేమీ కాదని దశాబ్దాల పాటు నమ్మారు.

1992లో అమెరికాలోని హార్వర్డ్‌లో హత్సుమి నగసావా, జాన్ లిటిల్ చైనీస్ హామ్‌స్టర్ కణాల మీద అతి స్వల్ప మోతాదులో ఆల్ఫా కిరణాలు పంపారు. నూటికి ఒక్క కణం కేంద్రకానికైనా కిరణం తగలనంత తక్కువ. అయినా నూటికి ముప్పై కణాల క్రోమోజోముల్లో మార్పులు తేలాయి. ఆ లెక్క చూసి నివ్వెరపోని శాస్త్రజ్ఞుడు ఉండడు. 1997లో కార్మెల్ మదర్‌సిల్, కాలిన్ సీమోర్ ఇంకో అడుగు వేశారు. రేడియేషన్ తగిలిన కణాలున్న ద్రవాన్ని తీసి, ఏ కిరణమూ సోకని కణాల మీద పోశారు. వాటి మనుగడ కూడా తగ్గింది. ఒకింట్లో కేక విని వాడంతా ఉలిక్కిపడినట్టు, దెబ్బతిన్న కణం పంపే సంకేతాలకు పొరుగు కణాలు స్పందిస్తాయన్నమాట. ఆ సంకేతాలు కొన్ని పక్క కణానికి తెరుచుకునే సన్నని దారుల గుండా నేరుగా సాగుతాయి, కొన్ని ద్రవంలో కలిసి వ్యాపిస్తాయి. చురుకైన ఆక్సిజన్ అణువులు, నైట్రిక్ ఆక్సైడ్, సైటోకైన్లు ఈ పనిలో పాలుపంచుకుంటాయి. ఇదే బైస్టాండర్ ఎఫెక్ట్.

దీన్ని పట్టుకుని జనాన్ని బెదిరించడం మాత్రం అన్యాయం. గాజుపాత్రలోని కణాలు వేరు, మనిషి దేహం వేరు. పొరుగు కణాలను కాపాడే సంకేతాలు కూడా కొన్ని ప్రయోగాల్లో కనిపించాయి. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ ఎక్కువ. అక్కడ దాదాపు 70 వేల మందిని ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ కారణంగా క్యాన్సర్లు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు.

తిరుపతిలో స్విమ్స్ వైద్యసంస్థ ఉంది, 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్నాతకులారా, రాయలసీమ పల్లెల నుంచి వచ్చే రోగులకు రేపు మీరే ఎదురవుతారు. అవసరమైన సీటీ స్కాన్‌కు భయపడి తిరిగి వెళ్లిపోయేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. అవసరం లేని స్కాన్ రాయకండి. ఎక్స్‌రే గదిలో తోడుగా నిలబడ్డ బంధువును బయటికి పంపండి, తప్పనిసరైతే లెడ్ ఏప్రాన్ వేయండి. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు కణాల మధ్య సాగే ఈ సంకేతాల గుట్టు విప్పండి. స్వల్ప మోతాదు రేడియేషన్‌లో అవి మనిషి దేహానికి మేలు చేస్తాయో కీడు చేస్తాయో ఇంకా తేలవలసే ఉంది.